ఎవరిదమ్మా ఈ చెయ్యి?

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ కబుర్లు కాసేపు కట్టిపెట్టండి. వక్కపొడి నమిలేవాళ్ళు చప్పుడు కాకుండా నమలండి. వెనకాల గుసగుసలాడే ఆ ఇద్దరూ, మీ వియ్యాలవారి సంగతి నా కథయ్యాక తేల్చుకుందురుగాని. ఇది బందరులో ఐసుగడ్డతో డాన్సు కట్టిన కృపాకుమారి టీచరు కథ. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ ఏడు మన కాలవకి నీళ్ళు రావు, సరేనా?

ఆ ఏడు శివరాత్రికే బందరులో ఎండలు ముదిరిపోయాయి. కోనేరు సెంటర్లో ఓ కోడి గుడ్డు పెట్టబోయి ఏకంగా ఆమ్లెట్టు పెట్టింది. దివిసీమ చెరువుల్లో రొయ్యలు గట్టెక్కి, దారిన పోయేవాళ్ళని గొడుగులు అడిగాయి. అంత ఎండలోనూ ఒళ్ళు వెచ్చబడని మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. ఆవిడే కృపాకుమారి.

గిలకలదిండి దారిలో ఓ చిన్న బడిలో డాన్సు టీచరు ఆవిడ. అంతకుముందేడు భర్త యాకోబు కామెర్లతో పోయాడు. సమాధి దగ్గర చర్చివాళ్ళంతా ఏడ్చారు, గొయ్యి తవ్వినవాళ్ళూ ఏడ్చారు. కృపాకుమారికి మాత్రం కంట్లో చెమ్మయినా రాలేదు. అప్పట్నించీ అంతే. కాఫీ వేడిగా ఉందో చల్లారిపోయిందో తెలియకుండానే తాగేసేది. కూరలో ఉప్పు లేకపోయినా తినేసేది, రెండుసార్లు పడినా తినేసేది. ఎవరన్నా “ఎలా ఉన్నావమ్మా?” అని అడిగితే, “దేవుడి దయవల్ల బాగానే ఉన్నానండీ” అనేది. ఆ మాటకి ఆవిడతో పనుండేది కాదు, దానంతటదే నోట్లోంచి వచ్చేసేది.

గుడివాడ నుంచి అక్క దయామణి వచ్చి కూర్చుంది.

“ఆ బడి మానేసి నా దగ్గరికి వచ్చెయ్యవే. ఇక్కడ గోడలతో ఏం మాట్లాడతావు?”

“వార్షికోత్సవం అవనీ అక్కా. ఒక్క డాన్సు కట్టగలనేమో చూస్తాను. కట్టలేకపోతే ఇంక నేను టీచర్ని కాదు కదా. నీతో వచ్చేస్తాను.”

“కట్టగలవనే అనిపిస్తోందా?”

“నాకేమీ అనిపించడం లేదక్కా. అదే గొడవ.”

ఇక్కడ ఆవిడ పాఠం చెప్పే తీరు చెప్పాలి. నేను చేసినట్టు చేయండర్రా అని నిలబెట్టే రకం కాదు. పిల్లల మధ్యలో ఏదో ఒకటి పెట్టి, దీంట్లోంచి అడుగులు పుట్టించండి అనేది. ఓ రోజు వాసన, ఓ రోజు చప్పుడు, ఓ రోజు బొమ్మ. పిల్లలు కుప్పలుగా తెచ్చిపోస్తే, ఏ అడుగు నిలుస్తుందో ఏది రాలిపోతుందో ఆవిడ ఒంటికే తెలిసేది. మంచి అడుగు కనపడగానే అరికాళ్ళు జివ్వుమనేవి. ఆ జివ్వుమనడం యాకోబుతోపాటే పోయింది.

అయినా పెట్టింది. మొదట బందరు లడ్డు పెట్టి, కళ్ళు మూసుకుని వాసన చూసి డాన్సు కట్టమంది. పిల్లలు కట్టారు, కట్టి కళ్ళు తెరిచేసరికి లడ్డూ లేదు. బెన్నీ అనే పిల్లాడి మూతి చుట్టూ నెయ్యుంది. తర్వాత గుడివాడ బస్సు స్టార్టయ్యే చప్పుడు వినమంది. పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు పట్టుకుని ఎంత బాగా ఊగారంటే, దారిన పోయే ఇద్దరు ముసలాళ్ళు లోపలికొచ్చి సీటు ఉందా అని అడిగారు. ఘంటసాల స్తూపం బొమ్మ చూపిస్తే పిల్లలంతా ఇటుకలైపోయి కూర్చున్నారు. ఇంటిగంట కొట్టినా లేవలేదు.

పిల్లలు మురిసిపోయారు. కృపాకుమారి అరికాళ్ళు మాత్రం గచ్చులాగే ఉన్నాయి.

ప్రతి క్లాసయ్యాకా చీపురు పట్టుకొచ్చేది బడి వాచ్‌మన్ ఏలీయా. “టీచరుగారూ, నిన్న లడ్డుపొడి, ఇవాళ మట్టి. మీ డాన్సు మీరు కడతారు, ఊడ్చేది మాత్రం నేనండీ” అని గొణిగేవాడు.

వార్షికోత్సవం దగ్గరపడింది. ఆఖరికి తాకిచూద్దామని, ఆవిడ ఐసుగడ్డ తెప్పించింది. ఊకలో చుట్టిన గడ్డ రిక్షాలో దిగగానే ఏలీయా నెత్తి పట్టుకున్నాడు.

“ఇప్పుడు వరద కూడానా అండీ!”

కృపాకుమారి గడ్డని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చింది. “పట్టుకోగలిగినంతసేపు పట్టుకోండి. తర్వాత చెయ్యి ఏం చెయ్యమంటే అది చెయ్యండి.”

బెన్నీ చంకలో పెట్టుకుని ఎగిరిన ఎగురు చూరు తాకింది. మిగతావాళ్ళూ గెంతుతూ, చేతులు విదిలిస్తూ ముక్కలన్నీ పారేశారు. ఆవిడ కూడా ఓ ముక్క పట్టుకుంది. అది కరిగిపోతే ఇంకోటి తీసుకుంది. నీళ్ళు మోచేతి దాకా కారి చీర తడుస్తున్నా పిల్లల్ని చూస్తూ అలాగే నిలబడింది. ఎంతసేపైందో ఆవిడకే తెలియదు.

అది చూసింది ఆ పిల్లల్లో ఒకతె, నాగమల్లేశ్వరి. వాళ్ళమ్మ నాంచారమ్మ రొయ్యల షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తీస్తుంది. సెలవు రోజుల్లో ఈ పిల్ల కూడా అక్కడే కూర్చుంటుంది.

“టీచర్, పడెయ్యండి! చెయ్యి చచ్చిపోద్ది!”

“ఏం కాదమ్మా. నాకసలు చల్లగానే లేదు.”

“చచ్చిపోవడమంటే అదే టీచర్!”

పిల్ల ఆ ముక్క లాగి పారేసి, ఆవిణ్ణి కింద కూర్చోబెట్టేసింది. ఆ చెయ్యి తన మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుని, అరచేత్తో ఫట్‌ఫట్‌మని చరిచింది.

“ఎవరిదమ్మా ఈ చెయ్యి?”

కృపాకుమారి నవ్వు తెచ్చుకుంది. “నాదేనమ్మా.”

నాగమల్లేశ్వరి చరచడం ఆపేసింది. మొహం మాడ్చుకుంది.

“అట్టా అనకూడదు టీచర్. తెలిసిందాకా తెలీదనే చెప్పాలి. మా షెడ్డులో ఎవరి చెయ్యి వాళ్ళు కొట్టుకోరు, పక్కనోళ్ళే కొడతారు. తెలీకుండానే నాదేనని చెప్పి మళ్ళీ పన్లో పెడితే రొయ్య ముల్లు దిగినా తెలీదు. మాతో పనిచేసే తాతమ్మ పిన్ని అట్టాగే చెప్పి వేలు పోగొట్టుకుంది.”

మళ్ళీ చరిచింది. “ఎవరిదమ్మా ఈ చెయ్యి?”

కృపాకుమారి ఆ చెయ్యి వంక చూసింది. తెల్లగా, ముడతలు పడి, బజారులో ఎవరో మర్చిపోయిన వస్తువులా ఉంది.

“తెలియదు” అంది.

ఏడాదిలో, అక్కతో తప్ప, తన గురించి ఒకళ్ళతో అన్న మొదటి నిజం అదే. నోటికి కాస్త కొత్తగా అనిపించింది.

“ఎవరిదమ్మా ఈ చెయ్యి?”

“తెలియదు.”

పిల్లలంతా చుట్టూ మూగి, ఒకళ్ళ చేతులొకళ్ళు చరుస్తూ వంత పాడారు. అడిగారు, ఆవిడ తెలియదంది. మళ్ళీ అడిగారు. చిటికెన వేలి కొసన చీమ పాకినట్టయింది. తర్వాత ఆ చీమ చుట్టాలందరినీ పిలుచుకొచ్చింది. సూదులు, సూదుల మీద నిప్పులు.

“అమ్మా! నాదే! నాదేనే తల్లీ, ఆపు!”

“టీచర్‌కి కరెంటొచ్చిందిరోయ్!” అని బెన్నీ గంతేశాడు.

వచ్చింది చేతి వరకే. మోచేతి పైనుంచి అంతా ఎప్పటిలాగే ఉంది. కానీ ఆ మండే చేత్తోనే ఆవిడ గచ్చు మీద దరువేసి చూసింది. ఏ దెబ్బ నిలుస్తుందో, ఏది రాలిపోతుందో ఆ చేతికి తెలిసింది.

డాన్సు అలా కుదిరింది. పిల్లలు రెండు వరసలు. ఓ వరస వంగి కూర్చుని లేని రొయ్యల్ని గిల్లుతుంది, తలకాయ భుజం మీంచి వెనక్కి విసురుతుంది, చేతులు కొయ్యబారి ఆగిపోతుంది. రెండో వరస వచ్చి చరిచి అడుగుతుంది. నాంచారమ్మ ఓ సాయంత్రం చూడ్డానికొచ్చి ముక్కున వేలేసుకుంది.

“ఇదా డాన్సు టీచరమ్మా? అయితే మా షెడ్డు నిండా డాన్సరమ్మలే! అయినా మా పిల్లేంటి, తలకాయలట్టా విసురుద్ది? మా మేస్త్రి చూస్తే ఇంటికి పంపేస్తాడు.”

వార్షికోత్సవం నాడు షెడ్డు ఆడవాళ్ళంతా వచ్చారు. దయామణి సంచీ సర్దుకుని ముందు వరసలో కూర్చుంది, డాన్సు అవగానే చెల్లెల్ని బస్సెక్కించాలని. పిల్లలు మొదటిసారి అడగ్గానే షెడ్డు ఆడవాళ్ళ చేతులు ఆగలేదు. పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని చరచడం మొదలెట్టారు. పెళ్ళాలు మొగుళ్ళని చరిచారు, కొందరు పాత బాకీలన్నీ కలిపి మరీ చరిచారు. ఆ చప్పుడుకి నాగాయలంకలో పిడుగులనుకుని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకున్నారట. నాంచారమ్మకి దొరికింది దయామణి చెయ్యి.

“ఎవరిదమ్మా ఈ చెయ్యి?”

“బాబోయ్, నాదేనండీ!” అని కేక పెట్టింది దయామణి.

తెర పడ్డాక దయామణి ఎర్రబడ్డ అరచెయ్యి ఊదుకుంటూ స్టేజీ వెనక్కి వచ్చింది. చెల్లెలి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు.

“బాగానే ఉన్నావా?”

కృపాకుమారి నోట్లోకి పాతమాట వచ్చింది. మింగేసింది.

“తెలియదక్కా” అంది.

దయామణి ఆ చెయ్యి తీసుకుని తన చేతుల మధ్య పెట్టుకుని మెల్లగా చరిచింది.

“మరి బస్సుకి టైమవుతోంది...”

“నువ్వెళ్ళక్కా. పొద్దున్నే నాకు క్లాసుంది.”

ఈలోగా ఏలీయా చీపురు భుజాన వేసుకుని స్టేజీ ఎక్కాడు. బోసిగా ఉన్న చెక్కల్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. పిల్లలు భుజాల మీంచి విసిరిన వైపు వంగి మరీ చూసి నిట్టూర్చాడు.

“డాన్సు బాగానే ఉంది గానండీ టీచరుగారూ, ఆ తలకాయలన్నీ ఎవరు ఊడుస్తారు?”