గిటారు మీద బాపు పువ్వులు

పువ్వులు బాగున్నాయి, అదే వచ్చిన చిక్కు, బాగాలేకపోతే ఈపాటికి గీకి పారేసేదాన్ని, ఎర్రటి రెక్కలు, అంచున బంగారు గీత, నిర్మల్ మొత్తం వెతికినా ఇంత సన్నటి గీత బాపు చెయ్యి తప్ప ఇంకే చెయ్యి గియ్యదు, నేను తీగల కోసం ఆదిలాబాద్ పోయి, చిన్నమ్మ వదలకపోతే నాలుగు రోజులు అక్కడే ఆగి, తిరిగి వచ్చేసరికి గిటారు ముఖమంతా తోట చేసి పెట్టాడు, నేను గిటార్ల పని మొదలుపెట్టిన నాటి నుంచి ఇటువైపు కన్నెత్తి చూడని తండ్రి, ఎట్లున్నయే కోమలా అని అడుగుతుంటే ముఖం వెలిగిపోయింది, మస్తున్నయి బాపూ అన్నాను, అబద్ధమేమీ కాదు, అలవాటు కొద్దీ వేలి కణుపుతో చెక్క మీద తట్టాను, దబ్ మంది, బియ్యం బస్తా మీద కొట్టినట్టు, పోయేముందు ఇదే చెక్క ఖంగున పలికింది కదా.

పొనికితో గిటారా, అది బొమ్మల కర్ర, ఊదితే ఎగిరిపోతది అని బజారంతా నవ్వింది, నవ్వనీ, తేలిక కర్ర కాబట్టే తొందరగా వణుకుతుంది, తొందరగా పలుకుతుంది అని నా మొండి నమ్మకం, పక్కలకూ వెనక్కీ టేకు, ముఖానికి పొనికి, మొదటిది తీగలు బిగించగానే గుంట పడింది, తర్వాతది పగిలింది, లోపల సన్నటి బద్దలను విసనకర్ర పుల్లల్లా పరిస్తే ఇది నిలిచింది, తట్టడం, వినడం, కాస్త చిత్రిక పట్టడం, మళ్లీ తట్టడం, ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి, పెద్దపల్లిలో పెళ్లిళ్లకు పాడే సంపత్ అడిగింది అదే కదా, అక్కా, నా గొంతు సన్నది, కొన్న గిటార్లల్ల మునిగిపోతుంది, నా గొంతును పైకి లేపేది చెయ్యి అన్నాడు, రేపొస్తాడు, ఈ మూగదాన్ని చేతిలో పెట్టి ఏం చెప్పను, రంగు ఒక్కటే అయితే ఎట్లాగో సర్దుకునేదాన్ని, కింద చింతగింజల లప్పం పట్టించాడు, పైన సుద్ద పూశాడు, బొమ్మలు చేసే నకాషీ చెయ్యి అంతే, కర్ర కనిపిస్తే కంతలన్నీ పూడ్చకుండా ఉండలేదు, బొమ్మకు అదే అందం, గిటారుకు అదే నోట్లో గుడ్డ, గీకితే బాపు మళ్లీ ఈ గడప తొక్కడేమో, గీకకపోతే సంపత్ పాట పోతుంది, పొనికి మీద నా నమ్మకమూ పోతుంది, బ్లేడు పట్టుకున్నానే గానీ చెయ్యి కదలడం లేదు.

బాపు చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు, బ్లేడును చూశాడు, ఏమైందే అన్నాడు, మిగిలిన పొనికి ముక్కను ఎత్తి తట్టాను, పలికింది, గిటారును తట్టాను, దబ్, బాపు వంగి తానూ తట్టాడు, చెవి ఆనించి ఇంకోసారి తట్టాడు, చప్పుడు సచ్చింది గదనే, అవును బాపూ, నా లప్పమేనా, నీ లప్పమే, చాయ్ చల్లారిపోతోంది, ఇప్పుడు లేచిపోతాడు, పోయి మాట్లాడడం మానేస్తాడు అనుకున్నాను, జర జరుగు అని పీట లాక్కుని కూర్చున్నాడు, నా చేతిలో బ్లేడు తీసుకున్నాడు, తడి తగలనియ్యకు, పొనికి ఉబ్బుతది అంటూ తన బంగారు గీతనే ముందు గీకాడు, నాకు ఏడుపు ఆగలేదు, ఏడుపెందుకే, పువ్వులకేం కరువు, రేపు ఇంకో బొమ్మ మీద ఏస్తా, నువ్వు తట్టు, నేను గీకుతా, యాడ ఆగాల్నో చెప్పు అన్నాడు, ఎర్రటి పొడి ఆయన ధోవతి మీద రాలుతోంది, తట్టాను, ఇంకా లేదు బాపూ, మళ్లీ తట్టాను, కొంచెం గొంతు వచ్చింది, బాపు తల ఊపి మరింత మెల్లగా గీకుతున్నాడు, పువ్వులు పోతుంటే ఆ ముఖంలో బాధ ఉందేమోనని చూశాను, లేదు, చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు, ఇన్నాళ్లూ నా పని గిట్టక రాలేదనుకున్నాను, కాదు, నా పక్కన కూర్చోవడానికి ఆయనకు ఒక పని కావాలి, తనకు తెలిసిన పని పువ్వులే కాబట్టి పువ్వులు వేశాడు.