జిల్లా తరఫున

...సోడా సీసాలో గోలీ ఇంకా గలగలమంటూనే ఉంది, జపానులో ఓ జిల్లా తరఫున ఒప్పందానికి వచ్చిన పెద్దాయన దాన్ని చంటిపిల్లాడిలా ఊపి చూసి మురిసిపోతున్నాడు, పాపం ఆయనకింకా తెలియదు, తెలిస్తే ఆ నవ్వు ఉంటుందా, అనుకుంది ఖైరున్నీసా, జిల్లా పరిషత్తు హాల్లో అంతమంది మగవాళ్ల మధ్య ఒక్కతే ఆడ మెంబరు, ఇప్పుడే కదా హైదరాబాదు నుంచి ట్రంకాల్ వచ్చింది, పరాయి దేశం వాళ్లతో ఒప్పందం చేసుకునే హక్కు ఢిల్లీకే గాని గుంటూరు జిల్లాకెక్కడిది, ఆపేయండి, అన్నారట, కలెక్టరుగారు ఫోను పెట్టేసి కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు, ఛైర్మన్ యలమందయ్యగారేమో ఆమె వైపు వంగి, ఏం చేద్దామమ్మా, భోజనాలు పెట్టి పంపిద్దామా, అంటున్నారు, గోంగూర తినిపించి పంపడానికా సముద్రాలు దాటించి రప్పించింది, వాళ్ల జిల్లా నేతగాళ్లు చీరాల వస్తారు, మనవాళ్లు అక్కడికెళ్లి కొత్తరకం మగ్గం మీద పని నేర్చుకొస్తారు, ఇంతే కదా, ఇందులో దేశాల గొడవ ఎక్కడుంది, బయట వరండాలో కోటిరత్నం కూర్చునుంది, మిల్లు గుడ్డ దెబ్బకు మగ్గం మూలన పడితే చీరాల నుంచి పత్తి ఏరడానికి కూలికెళ్లిన మనిషి, చేనేత సంఘం వాళ్లు జపాను ప్రయాణానికి ఎంచింది ఆమెనే, పొద్దున పేటపేటంతా రైలెక్కించి సాగనంపిందట, ఇందాక చెయ్యి పట్టుకుని అడిగింది, ఏందమ్మా లోపల ఇంకా తేల్చలేదా, నేను పోతన్నానా లేదా, ఉండవే కనుక్కుంటా, అని చెప్పి వచ్చింది తను, ఏమని కనుక్కోవడం, ఎవర్ని.

మంగళగిరిలో అత్తగారింట్లో కూడా ఇంతే, బీరువా తాళాల దగ్గర్నుంచి బియ్యం కొలిచే డబ్బా దాకా పెత్తనమంతా అత్తగారిదే, గట్టు తగాదా వచ్చినా పిల్ల సంబంధం వచ్చినా పెద్దవాళ్లే మాట్లాడేవాళ్లు, అయినా పక్కింటి వెంకటేశ్వరమ్మక్కకూ తనకూ గోడ మీదుగా నడిచిన రాకపోకలు ఎన్ని, పచ్చళ్లు, కుట్టుపని, కాన్పుల సాయం, అత్తగారికి తెలియకనా, తెలుసు, అవి తన పెద్దరికానికి అడ్డురావని ఊరుకుంది, మరి ఈ పెద్దాయన ఇల్లెలా నడుస్తోందో, అనుకుంటూ ఉండగానే గొంతు పైకే వచ్చేసింది, అయ్యా, మీ దేశంలోనూ అధికారమంతా రాజధానిదేనటగా, మీ జిల్లావాళ్లు ఇంత దూరం ఎట్లా వచ్చారండీ, కలెక్టరుగారు దాన్ని ఇంగ్లీషులో పెట్టారు, దుబాసీ కుర్రాడు జపాను మాటలో పెట్టాడు, పెద్దాయన సీసా కిందపెట్టి గట్టిగా నవ్వాడు, జవాబు మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చింది, యుద్ధం, సంధి, సరిహద్దు, అవి రాజధానివి, మగ్గం, విత్తనం, బడి మావి, వాటి కోసం ఎవరింటికైనా వెళ్తాం, చెప్పే వెళ్తాం, వాళ్లూ వద్దనలేదు.

అంతే, ఒళ్లంతా వేడెక్కింది, ఛైర్మన్‌గారూ, యుద్ధం మనమేం అడిగాం, సరిహద్దు ఎవరికి కావాలి, చేనేత మన పరిషత్తు పనే కదా, ఒప్పందం అన్న మాట కొట్టేద్దాం, రెండు జిల్లాల నేతగాళ్లు పని నేర్చుకునే ఏర్పాటు అని రాద్దాం, దేశం పేరుతో కాదు, జిల్లా పేరుతో, యలమందయ్యగారు బల్ల చరిచి, కలెక్టరుగారూ, మళ్లీ కలపండి ఫోను, అన్నారు, ఆయన కలిపారు, ఆమె చెప్పినట్టే మాట మాటా చదివి వినిపించారు, అటు నుంచి ఢిల్లీని అడిగి చెబుతామన్నారు, భోజనాలు చల్లారిపోయాయి, ఎవరూ లేవలేదు, బయట రోడ్డు మీద మిరప బస్తాల బండి చక్రాల చప్పుడు, కిటికీలోంచి ఘాటు, తుమ్ములు, పెద్దాయన తుమ్మాడు, అందరూ నవ్వారు, ఫోను గంట మోగింది, కలెక్టరుగారు ఆఁ, ఆఁ, అంటున్నారు, ముఖం విచ్చుకుంటోంది, ఈ మాటలతోనైతే ఢిల్లీకి అభ్యంతరం లేదట!

కోటిరత్నం, పోతన్నావే, అని కిటికీలోంచి అరిచేసింది, మెంబరునన్న సంగతి మరిచిపోయి, నిజంగానా అమ్మా, అని అటు నుంచి ఏడుపూ నవ్వూ కలిసిన కేక, హాలంతా చప్పట్లు, యలమందయ్యగారు సంతకం పెట్టి కలం ఆమె వైపు జరిపారు, దారి చూపిందానివి నువ్వు, నువ్వూ పెట్టమ్మా, తెలుగులో పెట్టింది, పొడుగ్గా, పూర్తి పేరు, కింద గుంటూరు జిల్లా తరఫున అని రాసింది, జిల్లా అంటే ఎక్కడో పెద్ద బల్ల వెనక కూర్చుని మనకోసం మాట్లాడే ఎవరో అనుకునేది ఇన్నాళ్లూ, ఆ ఎవరో తనే.