పియానో వెనక చాపలు

మా జమ్మలమడుగు చర్చిలో పియానో తెల్లదొరల నాటిది. దాని మీద కెరోలిన్ వాయించే పాటను రికార్డు చేసి, సాయంత్రంలోగా చెన్నైలో ఒక సంగీత కాలేజీకి పంపాలి. కీబోర్డు పనికిరాదట, అసలు పియానోనే కావాలట. పంపకపోతే సీటు లేదు. కెరోలిన్ మా అన్న సునీల్ కూతురు. నేర్పింది నేనే. నా నోటికి జడిసి మిగతా పిల్లలంతా మానేశారు, ఇదొక్కతే నిలిచింది.

ప్రొద్దుటూరు నుంచి మైకుసెట్టు చాంద్ బాషాను పిలిపించాను. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ అతనే. వచ్చీ రాగానే రెండు మైకులూ తీసుకెళ్ళి పిల్ల మూతి ముందు పెట్టాడు.

"ఇదేమన్నా ఉపన్యాసమా బాషా? మోగేది పియానో!" అన్నాను.

మీటల దగ్గరికి జరిపాడు. గోళ్ళ టకటక తప్ప పాట వినపడలేదు. పైమూత తెరిచి లోపలికి వేలాడదీశాం. తీగలను కొట్టే సుత్తుల చప్పుడే వచ్చింది. శబ్దం పడకూడదని ఫ్యాన్లు కూడా ఆపేశామేమో, ఆ ఉక్కకు నాకు కోపం నషాళానికంటింది.

"గట్టిగా వాయించవే! అన్నం తినలేదా?" అన్నాను. రోజూ అనే మాటే.

"గట్టిగానే వాయిస్తాండా అత్తా. శబ్దమంతా దీని వెనక చెక్కలోంచి పోతాంది. మైకులు వెనక పెడదాం."

"వీపుకాడ మైకు పెట్టేదేందమ్మా? ఎవరన్నా చూస్తే నవ్వరా?" అన్నాడు బాషా. నేనూ అతనికే వంత పాడాను.

పిల్ల లేచి, పియానోకు భుజం ఆనించి గోడ దగ్గర్నుంచి నెట్టింది. వెనక నుంచి చాపలు దొర్లిపడ్డాయి. ఆరాధనకు ఆడవాళ్ళం కూర్చునే చాపలు. ప్రతి ఆదివారం వాటిని చుట్టి ఆ సందులో కుక్కేది ఇంకెవరో కాదు, నేనే.

"ఇన్ని చాపలు అడ్డం పెడితే గొంతు యాడ లేస్తాదక్కా!" బాషా పడీపడీ నవ్వాడు.

చాపలన్నీ బయటపడేసి, మైకులు పియానో వెనకే నిలబెట్టాం. కెరోలిన్ వాయించింది. ఈసారి చర్చి అంతా మోగింది. ఆ పిల్ల వేళ్ళలో ఇంత బలముందని ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు. ఆఖరి స్వరం ఇంకా మోగుతూనే ఉంది, నా నోరు ఆగలేదు.

"శెభాష్ రా నా తల్లీ!"

బాషా తల పట్టుకున్నాడు. "అయ్యో అక్కా! నీ గొంతు గూడా పడిపోయె. చెరిపేసి మళ్ళా పట్టాల."

"మళ్ళా వాయిస్తాలే మామా, కాలేజీకి అది పంపుదాం." కెరోలిన్ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "దీన్ని మాత్రం చెరపొద్దు. నా ఫోన్లోకి ఎక్కించు. మా అత్త నోట ఆ మాట ఇంతవరకూ నేను ఇనలేదు."