వెళ్ళిపోకుండా ఉండాలంటే

పొడుగైంది, తన చెవి దాకా వచ్చేసింది, మూడేళ్ళలో ఇంత పెరుగుతారా పిల్లలు, పన్నెండేళ్ళప్పుడు భుజం కిందికే ఉండేది కదా అనుకుంటూ వనజ ఆ మెక్సికన్ హోటల్లో అద్దాల బల్ల ముందు నిలబడింది, అద్దం వెనక స్టీలు గిన్నెల్లో వరసగా అన్నం, ఉడికిన రాజ్మాలాంటి గింజలు, సన్నగా తరిగిన టమాటా ఉల్లిపాయ, మెదిపిన అవకాడో ముద్ద, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న అమ్మాయి నల్ల గింజలా ఎర్ర గింజలా అని ఇంగ్లీషులో అడుగుతోంది, ఆ ప్రశ్న చెవిన పడింది గాని లోపలికి దిగలేదు, హూడిలో వినికిడి పరీక్షలు చేసే క్లినిక్కులో రోజుకు పదిమందికి హెడ్‌ఫోన్లు తగిలించి వినబడితే చెయ్యెత్తండి అని చెప్పే మనిషి, ఇప్పుడు తనకే ఒకరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎర్రవి అంది, పక్కన సహన మాత్రం తడుముకోకుండా రొట్టెలో చుట్టమని, నల్ల గింజలని, చీజ్ తక్కువని చెప్పుకుపోతోంది, ఖార బేకా అని ఆ అమ్మాయి కన్నడంలో అడిగితే జాస్తి హాకి అంది, ఎక్కువ కారమా, ఈ పిల్లా, పెరుగన్నంలో మిరపముక్క తగిలితే నీళ్ళు నీళ్ళని గంతులు వేసే పిల్ల, పోపులో ఎండుమిరపకాయలు ఏరి పక్కన పెట్టి ముద్దలు కలిపింది తను కాదూ ఏడేళ్ళు, కారం తినడం ఎప్పుడు నేర్చుకుంది, ఎవరు నేర్పారు, ఎవరూ నేర్పి ఉండరు, ఏరి పెట్టేవాళ్ళు లేక అలవాటైపోయి ఉంటుంది, అనుకోగానే చేతిలో ట్రే బరువెక్కి పక్కకు వాలబోయింది, జాగ్రత్తండీ అని సహన ఒక చేత్తో దాన్ని పట్టుకుంది, జాగ్రత్తండీ అంది, అమ్మా అనలేదు, పోనీ ఆంటీ అనైనా అనలేదు.

సహన తను కన్న పిల్ల కాదు, నాగేంద్రకు మొదటి పెళ్ళిలో పుట్టింది, కన్నతల్లి సుమ డెంగీ జ్వరంతో పోయేనాటికి దానికి మూడేళ్ళు, వనజ నాగేంద్రను చేసుకుని బెళ్ళందూరు ఫ్లాటులో అడుగుపెట్టేనాటికి ఐదేళ్ళు, తలుపు వెనక నిలబడి ఒక కంటితో చూసింది, ఏడాది తిరక్కుండానే అమ్మా అంది, ఆ తర్వాత ఏడేళ్ళకు నాగేంద్రకూ తనకూ మధ్య మాటలు తగ్గి తగ్గి పోట్లాడుకోవడానిక్కూడా ఓపిక లేని రోజు వచ్చింది, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, మోసం చెయ్యలేదు, ఇద్దరూ ఒప్పుకునే కాగితాల మీద సంతకాలు పెట్టారు, మొగుడూ పెళ్ళాలు విడిపోవడానికి కాగితాలున్నాయి, పొద్దున్నే జడలు వేసిన మనిషీ ఆ జడలు వేయించుకున్న పిల్లా విడిపోవడానికి ఏ కాగితమూ లేదు, అందుకే వనజ అందరికీ ఒకే మాట చెప్పుకుంటూ వచ్చింది, అనంతపురంలో అక్కకు చెప్పింది, క్లినిక్కులో తనతో పనిచేసే రూతుకు చెప్పింది, నాకేం హక్కుండాది రూతూ, కన్నదాన్ని కాదు కదా, అడిగితే మాత్రం కోర్టు ఇస్తుందా, అంటే రూతు చెయ్యి పట్టుకుని మీరెంత బాధపడి ఉంటారో అక్కా అంది, ఆ జాలిని వనజ తీసుకుంది, తనది కాని వస్తువును ఎవరో పొరపాటున చేతికిస్తే మాట్లాడకుండా సంచిలో వేసుకున్నట్టు తీసుకుంది, మూడేళ్ళు ఒక్క ఫోను చెయ్యలేదు, పుట్టినరోజులకు మెసేజి టైపు చేసి తుడిపేసింది, మొన్న బుధవారం తెలియని నెంబరు నుంచి, నేను సహన, శనివారం లంచ్‌కి కలవచ్చా, నాన్నకి చెప్పాను, అని వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఏమని నిలదీస్తుందో, తనేమని జవాబు చెప్పాలో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడబలుక్కుంటూనే వచ్చింది.

సర్జాపుర రోడ్డు మీద ఈ మొదటి అంతస్తు హోటలుకు రమ్మన్నది సహనే, శనివారం మధ్యాహ్నం కాబట్టి ఆఫీసుల గోల లేదు, గోడకు రంగురంగుల కాగితపు జెండాలు, పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం నాచోస్ ప్లేటు మధ్యలో పెట్టుకుని వేళ్ళు నాకుతోంది, సహన రొట్టె చుట్ట మీది వెండికాగితం చింపుతూ కొంచెం కొంచెంగా కొరుకుతోంది, తినండి మీరు, చల్లారితే బాగుండదు అంది, వనజ చెంచాడు అన్నం నోట్లో పెట్టుకుంది, నిమ్మకాయ పిండిన అన్నమే, పైన పులుపు, కింద కమ్మదనం, ఏ క్లాసే ఇప్పుడు అంటే టెన్త్ అంది, లెక్కలు బాగా వస్తుండాయా అంటే పర్లేదు అంది, నాగేంద్ర తల్లి గురించి అవ్వ ఎట్లుండాది అంటే ఓబులమ్మవ్వకు మోకాలి ఆపరేషన్ అయింది, కర్రతో నడుస్తోంది అంది, అడిగినదానికే జవాబు, ఒక్క మాట ఎక్కువ లేదు, క్లినిక్కులో కొందరు పిల్లలు ఇలాగే ఉంటారు, శబ్దం వినబడకపోయినా వనజ ముఖం చూసి ఊహించి చెయ్యెత్తుతారు, తప్పు చేస్తామేమోనని భయం, పెద్దవాళ్ళను నొప్పించకూడదని ఆత్రం, సహన కూడా తన ముఖమే చూస్తోందని వనజకు అప్పుడు తెలిసింది, నిలదీయడానికి వచ్చిన పిల్ల చూపు కాదది, పరీక్షకు కూర్చున్న పిల్ల చూపు, ఎందుకింత భయం, అడుగు తల్లీ, ఎందుకు వదిలేసి పోయావని అడుగు, తిట్టు, బస్సులో కూడబలుక్కున్న జవాబులు నా దగ్గర ఉండాయి, అని వనజ లోలోపల బతిమాలుకుంటోంది.

నాన్న పెళ్ళి చేసుకుంటున్నాడు అంది సహన, వచ్చే నెల, ఆమె పేరు భారతి, స్కూల్లో సైన్సు చెప్తుంది, రెండుసార్లు ఇంటికొచ్చింది, బాగుంటుంది, నాకు నచ్చింది, ఆ మాటకు వనజ గుండెలో ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది, ఇంకా అసూయపడే అర్హత ఎక్కడిది నీకు అని తన్ను తాను కసురుకుంటూ మంచిదే కదమ్మా అంది, అందుకే మిమ్మల్ని అడగాలనుకున్నా, ఇంకెవర్ని అడగాలో తెలీలా, అని సహన ఫోను తీసి ఏదో తెరిచి బల్ల మీద పెట్టింది, మీకు కోపం రాదు కదా, నేనేం చేస్తే మీరు వెళ్ళిపోయారో చెప్తారా, ఈసారి అవి చెయ్యకుండా ఉంటా, నాకు గుర్తున్నవి రాసుకున్నా, కరెక్టో కాదో చెప్తే చాలు, అంది, పక్క బల్ల దగ్గర ఎవరో పకపకా నవ్వారు, వనజకు ఫోనులో అక్షరాలు కనబడ్డాయి గాని చదవలేకపోయింది, సహనే చదివింది, నాలుగో క్లాసు ఫారంలో మదర్స్ నేమ్ దగ్గర సుమ అని రాశాను, మీరు చూసి ఏం మాట్లాడకుండా సైన్ చేశారు, అదేనా, వనజకు అలాంటి ఫారం ఒకటి ఉందనే గుర్తు లేదు, మీకు జ్వరంగా ఉన్నప్పుడు డాన్స్ క్లాసుకు తీసుకెళ్ళమని ఏడ్చా, తడి టవలు రోజూ మంచం మీదే పడేసేదాన్ని, మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మ ముందర మీ ఉప్మా బాగుండదని అన్నా, మీరు వంటింట్లోకి వెళ్ళిపోయారు, ఇంకా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆరింటికే మీ మీదెక్కి లేపేసేదాన్ని, మీకు నిద్ర ఉండేది కాదు, నాకు అదే అనిపిస్తుంది, అదే మెయిన్ అని, అంటూ తలెత్తి చూసింది.

ఆదివారం, అవును, హూడిలో ఆడవాళ్ళ పీజీ హాస్టల్లో మొదటి ఆదివారం తొమ్మిదింటికి మెలకువ వచ్చింది, ఎవరూ లేపలేదు, ఎవరికీ పాలు కాచనక్కర్లేదు, యూనిఫాం ఉతకనక్కర్లేదు, కిటికీలోంచి ఎండ కాళ్ళ మీద పడుతోంది, ఎంత సంతోషం వేసిందో, మంచం మీద పడుకునే నవ్వుకుంది, ఆ నవ్వు గురించి అక్కకు చెప్పలేదు, రూతుకు చెప్పలేదు, అంతకు నాలుగు రోజుల ముందు బెళ్ళందూరు ఫ్లాటు కింద కార్లు పెట్టే చోట సూట్‌కేసు ఆటోలో పెడుతుంటే నాగేంద్ర వెనకే దిగివచ్చి, సహన నీతోనే ఉంటానని ఏడుస్తా ఉండాది వనజా, నాకా నెలలో సగం రోజులు టూర్లు, నీ దగ్గరే పెట్టుకుంటావా, సెలవులకు నేను తీసుకెళ్తా, రాసిమ్మంటే రాసిస్తా, అన్నాడు, నాగేంద్ర ఎవర్నీ బతిమాలే మనిషి కాదు, ఆ రోజు బతిమాలాడు, తనేమంది, పీజీలో పిల్లల్ని ఉండనియ్యరప్పా అంది, నిజమే, ఉండనియ్యరు, కాని మూడు నెలల్లోనే బాల్కనీ ఉన్న ఇల్లు తీసుకుంది కదా, ఆ ఇంట్లో పిల్లకు చోటు లేదా, ఉంది, మనసులో లేదు, ఏడేళ్ళు తల్లిగా ఉండి అలసిపోయింది, ఒక్కతే బతకాలనిపించింది, కోర్టు అన్నది, హక్కు అన్నది అన్నీ తర్వాత అల్లుకున్నవి, అల్లుకుని కప్పుకున్నవి, ఆ దుప్పటి కింద తను వెచ్చగా పడుకుని ఉంటే ఇక్కడ ఒక పిల్ల తడి టవళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

ఇప్పుడేం చెప్పాలి, నీ తప్పేం లేదమ్మా అని తల నిమిరితే సరిపోతుందా, పెద్దవాళ్ళందరూ అదే అంటారు, నమ్మదు, వెళ్ళిపోయిన కారణం చెప్పకపోతే ఆ ఫోనులో ఇంకో వరస చేరుతుంది, అంతే, చెప్తే తన ముఖం మళ్ళీ చూడదు, చూడకపోనీ, వనజ నీళ్ళు తాగింది, గ్లాసు కింద పెట్టింది, సహనా, అందులో ఒక్కటీ కాదు, ఆ ఫారం నాకు గుర్తే లేదు, మీ నాన్న నిన్ను నా దగ్గర పెట్టుకోమని అడిగినాడు, నేనే వద్దన్నా, అంది, సహన ఫోను బోర్లా పెట్టింది, మీరు ఇల్లు వదిలింది నా వల్లే అనుకున్నా గాని, నన్ను తీసుకెళ్దామన్నా కోర్టు ఒప్పుకోదని చెప్పాడు నాన్న, నేను మీ దగ్గరికి పోతానంటే, కోర్టు ఒప్పుకోలేదు, లేకపోతే అమ్మ తీసుకుపోయేది అని, అంది, అమ్మ అని నోరు జారిందని దానికే తెలిసి పెదవి కొరుక్కుంది, నాగేంద్రా, ఎంత పని చేశావప్పా, పిల్ల దగ్గర నన్ను కాపాడినావా, అనుకుంది వనజ, కోర్టును ఎవరూ అడగలేదమ్మా, మీ నాన్న అడిగింది నన్ను, అంది, ఎందుకు వద్దన్నారు అంది సహన, అలసిపోయినాను, ఒక్కదాన్నే ఉండాలనుకున్నా, ఉన్నాక హాయిగానే ఉండింది కొన్నాళ్ళు, తర్వాత సిగ్గేసి నీకు ఫోను చెయ్యలా, నువ్వు చేసిందేం లేదు, పిల్లలు చేసేవే చేసినావు, పోయింది నేను, భారతి ముందర నువ్వు వేరేగా ఉండాల్సిన పని లేదు, ఆదివారం ఆరింటికి లేపు, లేస్తే లేస్తాది, లేకుంటే పో అంటాది, అంది వనజ.

సహన ఏడవలేదు, ముఖం మెల్లగా ఎర్రబడింది, మూడేళ్ళు, అంది, మూడేళ్ళు నేను టవలు ఆరేశా తెలుసా, రోజూ, మీరు వస్తారేమోనని, అంది, ఫోను తీసి జేబులో పెట్టుకుంది, సగం తిన్న రొట్టెను అలాగే వదిలేసి కుర్చీ శబ్దం వచ్చేలా వెనక్కి నెట్టి లేచింది, నేను వెళ్తా, మళ్ళీ మెసేజి చెయ్యకండి, నాకనిపిస్తే నేనే చేస్తా, అనిపించకపోవచ్చు, అని విసవిసా మెట్లు దిగింది, వనజ కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు పక్కన ఆటోను ఆపి డ్రైవరుతో గట్టిగా మాట్లాడుతోంది, చెయ్యి ఊపుతూ, భయం లేకుండా, ఇందాకటి ఆ ముఖం చూసి మాట్లాడే పిల్ల కాదు, ఆటో మలుపు తిరిగి బస్సుల మధ్య కలిసిపోయింది, వెనక్కి చూడలేదు, ఇన్నాళ్ళూ వనజ తన తప్పును తనే మోస్తున్నానని, అది మోయడమే ఆ పిల్ల మీద ప్రేమ అని అనుకుంది, మోసింది తను కాదు, ఆ తప్పును కూడా బెళ్ళందూరు ఫ్లాటులో పిల్ల దగ్గరే వదిలేసి వచ్చింది, పన్నెండేళ్ళ భుజాల మీద, ఈ మధ్యాహ్నం తిరిగి తీసుకుంది, అంతే చేసింది, క్షమిస్తుందా, క్షమించకపోయినా ఫరవాలేదు, దానికి ఇప్పుడు నా మీద కోపంగా ఉంది, తన మీద తనకు కాదు, నా మీద, ఉండాల్సింది అక్కడే, అనుకుంది వనజ, అలా అనుకున్నాక ఇంకేమీ అనుకోలేదు.