తలుపుకు అడ్డంగా

తమ్ముడు ఉదయకుమార్‌కు రక్త కేన్సరని తెలిశాక, వాసుకి కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని మానేసి అతనికి తోడుగా విరుదునగర్ ఆసుపత్రిలో ఉండిపోయింది. కయత్తారులో గాలిమరలెక్కి మరమ్మతులు చేసిన మనిషి, ఇప్పుడు మంచం దిగాలంటే అక్క భుజం పట్టుకోవాల్సిందే.

కేన్సర్ మందులు రోగంతో పాటు అతని రక్తంలో తెల్లకణాలనూ తుడిచిపెట్టాయి. జ్వరం పట్టుకుంది. ఎన్ని యాంటీబయాటిక్‌లు ఎక్కించినా దిగలేదు.

"ఊపిరితిత్తుల్లో బూజు చేరినట్టుంది. పరీక్షల్లో తేలేదాకా ఆగితే చేయి దాటిపోతుంది. ఇవాళే మందు మొదలుపెడదాం," అన్నాడు డాక్టర్ ముత్తురామన్ తమిళంలో.

"ఊరగాయకు పట్టే బూజా సార్?"

"అలాంటిదే. మట్టిలో, గడ్డిలో, అంతటా ఉంటుంది. మనల్నేం చేయదు. అతనికి ఎదుర్కొనే శక్తి లేదు. పూలు, పొలం దుమ్ము లోపలికి రానివ్వకమ్మా."

ఆ పసుపురంగు మందు ఎక్కుతుంటే ఉదయకుమార్ మంచం ఊగేలా వణికేవాడు. వాసుకి అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దేది.

ఒక మధ్యాహ్నం తల్లి పాండియమ్మాళ్, మినుముచేలో కలుపు తీస్తూ మనసాగక, ఉన్నపళంగా బస్సెక్కి వచ్చేసింది. కొంగునిండా మట్టి, చేతిలో పూలదండ. వాసుకి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"లోపలికి వద్దుమా. నీ కోకంతా మన్ను."

"నా కొడుకును చూసేదానికి నువ్వెవరే అడ్డం?"

"డాక్టరు చెప్పినాడుమా. వానికి పడదు."

పాండియమ్మాళ్ దండను కిటికీ గట్టుమీద పెట్టి, వెనక్కి తిరగకుండా మెట్లు దిగిపోయింది.

"అమ్మ కోపంగా పోయినాదా అక్కా?" లోపల్నుంచి అడిగాడు ఉదయకుమార్.

"లేదు తంబీ. బస్సుకు పొద్దాయె."

కొన్నాళ్ళకు జ్వరం దిగింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుంటే తల్లిని రానివ్వచ్చన్నాడు డాక్టరు. వాసుకి వెంటనే ఫోన్ చేసింది.

"తెల్లారేసరికి బయలుదేరతానే!" పాండియమ్మాళ్ గొంతులో ఎన్నాళ్ళకో నవ్వు వినిపించింది.

మర్నాడు పొద్దున ఉదయకుమార్ నీళ్ళు తాగాడు. తర్వాత దగ్గాడు. దుప్పటంతా రక్తం. డాక్టర్లు పరుగెత్తుకొచ్చినా ఫలితం లేకపోయింది. తల్లి ఎక్కిన బస్సు అప్పటికింకా సాత్తూరు దాటలేదు.

"మందు పనిచేస్తూనే ఉందమ్మా. కానీ బూజు అప్పటికే ఒక రక్తనాళాన్ని తినేసింది," అన్నాడు ముత్తురామన్, తలెత్తలేక.

పాండియమ్మాళ్ వచ్చింది. జుట్టింకా తడిగానే ఉంది. ఈసారి తలుపు దగ్గర ఎవరూ అడ్డం లేరు. కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తడుముతూ చాలాసేపు ఉండిపోయింది.

"నన్నడిగినాడా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. వాసుకి దాన్ని మింగేసింది.

"నీళ్ళడిగినాడుమా."

"ఇస్తివా?"

"ఇస్తిని."

"మంచిదే," అంది పాండియమ్మాళ్. అప్పుడు కూతుర్ని దగ్గరకు లాక్కుని, గొంతెత్తి ఏడ్చింది.