ఒక్క కీబోర్డు, ఇద్దరు ఆటగాళ్లు

సంధ్యకు పెండ్లయి ఏడాది కాలేదు. మొగుడు అరుణ్ స్వయాన మేనబావ. చిన్నప్పటి నుంచి ఏ ఆటలోనూ ఓడిపోయిననని ఒప్పుకున్న మనిషి కాదు. మోత్కూర్‌లో ఫొటో స్టూడియో నడుపుతడు. అక్కడ కొత్త కంప్యూటర్ పెట్టినంక పాతదాన్ని ఇంటికి తెచ్చి, ఆదివారం పొద్దున కొట్లాట గేమ్ ఒకటి ఎక్కించిండు. ఇద్దరు మల్లయోధులు రెప్పపాటు తీరిక లేకుండా గుద్దుకునే ఆట.

కీబోర్డు మాత్రం ఒక్కటే. ఎడమ పక్క మీటలు సంధ్యకు, కుడి పక్కవి అరుణ్‌కు అనుకున్నరు. నడకకు, గుద్దుకు, తన్నుకు, కాచుకునేందుకు వేరువేరు మీటలు కావాలె. సంధ్య తనవన్నీ పెట్టుకొని, తన్నుకు ‘జి’ ఎంచుకున్నది. అరుణ్ తన వంతు రాంగనే అదే ‘జి’ ఒత్తిండు. తెర మీద సంధ్య తన్ను గడి ఖాళీ అయింది.

"బావా, అది నాది. నీ దిక్కు ఇన్ని మీటలుంటే నాదాని మీదికే ఎందుకొచ్చినవ్?"

"నా వేలుకు గదే అందింది."

మళ్ల మొదటికొచ్చింది. రెండోసారి అన్నీ కుదిరినంక అరుణ్ సేవ్ చెయ్యకుండనే బయటికొచ్చిండు. సంధ్య పండ్లు బిగబట్టి, మూడోసారి తనే కూసొని పెట్టింది.

ఆట మొదలైంది. అరుణ్ వెనక్కి జరుగుకుంట కాచుకున్నడంటే చాలు, సంధ్య ఎంత ఒత్తినా తన్ను పడ్తలేదు.

"నీకు ఒత్తుడు రాదు," అన్నడు అరుణ్.

సంధ్యకు ఒళ్లు మండింది. ఆట ఆపి, టైపు చేసే ఖాళీ పేజీ తెరిచింది. "నువ్వు వెనక్కి జరిగే మీట, కాచుకునే మీట రెండూ ఒత్తి పట్టుకో," అన్నది. అతను పట్టుకున్నంక ‘జి’ ఒత్తింది. పేజీ మీద ‘జి’ పడలేదు. అతను చేతులు తియ్యంగనే అక్షరం పడ్డది.

"చూసినవా? మూడు మీటలు ఒక్కపారి ఒత్తితే దీనికి చాతనైతలేదు. తప్పు నాది కాదు."

మీటలు మార్చి చూసిన్రు. తన్ను కుదిరితే గుద్దు మొరాయించింది, గుద్దు కుదిరితే నడక ఆగింది. మగ్గం గుంతల కూసొని నేస్తున్న అత్త వసంతలక్ష్మి, "అన్నం తిని కొట్టుకోండ్రి," అన్నది.

తిన్నంక సంధ్య పక్కింటి అమరేందర్‌ను అడిగి మూలకు పడ్డ కీబోర్డు తెచ్చింది. రెండూ తగిలిస్తే ఎవరి ఒత్తుడు వారికి సక్కగ పడ్డది. మొదటి ఆట ఆమే గెలిచింది. రెండో ఆటలో ఆమె యోధుడు, ముందుకు పొమ్మంటే వెనక్కి నడుసుడు పెట్టిండు. ఏమైందో తెల్వక నాలుగు గుద్దులు తిన్నంక పక్కకు చూసింది. రెండు కీబోర్డుల మీదా ఆమె మీటలు పనిచేస్తున్నయి. అరుణ్ ఎడమ చిటికెన వేలు తన కీబోర్డు మీద ఆమె వెనక్కి నడిచే మీటను నొక్కి పట్టింది.

"బావా, గా చెయ్యి ఆడ ఏం చేస్తాంది?"

"ఊకెనే పెట్టిన."

సంధ్య వంటింట్లకు పోయి చెంచా తెచ్చింది. అరుణ్ కీబోర్డులో ఎడమ దిక్కు మీటలన్నీ పెకిలించి స్టీలు గిన్నెల పోసింది.

"మళ్ల పెట్టొస్తదా?" అన్నడు అరుణ్ బెంగగా.

"ముందు ఆడు."

ఆడిండు, ఓడిండు. ఇంకోసారి ఆడి ఇంకా ఘోరంగ ఓడిండు. కిటికీల నుంచి ఎండ కండ్లల్ల పడుతాందని, జాగాలు మార్చుకొని మీటలన్నీ మళ్ల కొత్తగ పెట్టుకుందామని అన్నడు.

 సంధ్య కంప్యూటర్ బంద్ చేసి, మగ్గం కాడ అత్తకు నూలు కండెలు చుట్టేటందుకు పోయింది.