ఖాళీ ఊయల

తడిగుడ్డ పిండుకుంటూ మెట్ల కమ్మీని కింది నుంచి పైకి తుడుస్తోందామె. ప్రతి మెట్టు మీదా ఆగి, అరికాలు ఆనించి తడి చూస్తోంది. నున్నటి చలువరాయి. కాలు జారితే నడుమైనా విరుగుతుంది, తలైనా పగులుతుంది. ఆమె దృష్టిలో చిన్న ప్రమాదమంటూ లేదు. పొద్దున్న గ్యాస్ కట్టేశానా, కూతురెక్కిన బస్సుకు బ్రేకులున్నాయా అని రోజంతా గుండె పీకుతూనే ఉంటుంది. అందుకే ఆ మ్యూజియంలో అందరికీ ఆమె గాభరా పిన్ని.

ఒకప్పుడు అది కలవారి భవంతి. మేడ మీద చివరి గదిలో ఆ ఇంటి ఇల్లాలు ఇప్పటికీ తిరుగుతుందని జనం చెప్పుకుంటారు. దయ్యముందంటేనే టికెట్లు తెగుతాయి. ఒట్టి పాత కుర్చీలు చూడ్డానికి ఎవరొస్తారు? గాభరా పిన్నికీ ఆ నమ్మకం ఉంది, దాన్ని మించిన భయమూ ఉంది. ఆ గది తలుపు తోసేముందు పొరుగింటికి వెళ్లినట్టు కాస్త దగ్గుతుంది. "వస్తున్నానమ్మా, దుమ్ము దులిపేసి పోతాను" అని చెప్పి మరీ అడుగు పెడుతుంది.

లోపల కిటికీ పక్కన, వంపు కాళ్ల మీద నిలబడ్డ చెక్క ఊయల. దాని కాలి నుంచి తలుపు వెనక దాకా కంటికి ఆనని సన్నటి నైలాను దారం. మొన్న కోసింది, నిన్న కోసింది. ఇవాళ మళ్లీ కట్టారు. ఆమె కత్తెర తీసింది.

"లోపల పెట్టు పిన్నీ!" తలుపు దగ్గర గైడు. నలభై దాటినవాడు, గొంతు మాత్రం నాటకాలవాళ్లది. "మేనేజరుగారు నిప్పులు తొక్కుతున్నారు. ఇంకోసారి దారం తెగితే నీ ఉద్యోగం తెగుతుందట."

"ఖాళీ ఊయల ఊపకూడదు నాయనా. పిల్లలకి కీడు."

"ఈ ఇంట్లో పిల్లలెక్కడున్నారు?"

"ఏ ఇంటి పిల్లలకైనా కీడే."

"ఇంతకీ నీకు దయ్యమంటే భయమా, కాదా? ఏదో ఒకటి తేల్చు."

"చచ్చేంత భయం. అందుకే ఆమె బిడ్డ జోలికి పోవద్దంటున్నా."

గైడు పకపకా నవ్వాడు. ఆమె కత్తెరను ఏప్రాన్ జేబులో వేసుకుంది. కూతురికి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయాల్సింది తనే. ఉన్న ఒక్క ఆధారం ఊడితే ఏ మొహంతో పోస్తుంది?

మధ్యాహ్నం జనంతో పాటు ఆ కూతురే ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ పొట్టేసుకుని మెట్లెక్కావుటే! ఏమైనా అయితే?"

"ఏం కాలేదుగా. నువ్వు రోజూ తుడిచే ఇల్లు చూద్దామని వచ్చానమ్మా."

గైడు గొంతు తగ్గించాడు. "ఇదే ఆ గది. ఈ ఊయలలోనే ఆ మహాతల్లి, కన్నబిడ్డ మొహం మీద దిండు అదిమి..." అతని చెయ్యి తలుపు వెనక్కి వెళ్లింది. ఊయల కిర్రుమంటూ ఊగింది. ఎవరో కెవ్వుమన్నారు, ఎవరో కిసుక్కుమన్నారు. కూతురి అరచెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి పోయింది.

తల్లి చూసింది ఆ చేతినే. అడ్డంగా కట్టిన ఎర్రతాడు కింది నుంచి దూరి వెళ్లి ఊయల మీద చెయ్యి వేసింది. అది ఆగిపోయింది. దారం మాత్రం బిగిసి అదురుతోంది.

"చంపడం నువ్వు చూశావా?"

"కథ పిన్నీ, ఉత్త కథ..."

"నేనూ చూడలేదు. చూడని మనిద్దరం నోరు మూసుకోవాలి. నోరు లేని తల్లి మీద నింద మోపి, పూటపూటా ఆమె ఊయల ఊపి నవ్వుతారా?"

కత్తెర పడింది, దారం టప్పున తెగింది.

కింద మేనేజరు కేకలెయ్యలేదు. మెత్తగానే మాట్లాడాడు. వచ్చినవాళ్లకు క్షమాపణ చెప్పమన్నాడు. రేపటి నుంచి తలుపు వెనక నిలబడి ఆ దారం నువ్వే లాగు, అంతా మరిచిపోతానన్నాడు.

ఆమె కళ్లముందు ఆస్పత్రి మంచం, వెలగని పొయ్యి, వీధిలో పడేసిన సామాను వరసకట్టాయి. ఏదో అవుతుంది, ఏదో అవుతుందని జీవితమంతా వణికిన మనిషి. ఆ అయ్యేదేదో తీరా ఎదుటికొచ్చి నిలబడితే, విచిత్రంగా, ఊపిరి కాస్త తేలికగానే ఆడింది.

"లాగనండి."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

"మంచిది. ఆ మెట్లు నున్నగా జారతాయి. జనాన్ని చూసి దిగమనండి."

మరోసారి మేడెక్కి, దగ్గి, ఆ గదిలోకి వెళ్లింది. కాసేపటికి వచ్చి గేటు దగ్గర కూతురి చెయ్యి పట్టుకుంది.

"బొద్దింకను చూస్తే మంచమెక్కుతావు. ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"ధైర్యమా, నా మొహమా! కాళ్లు చూడు, ఇంకా వణుకుతున్నాయి. నువ్వు లోపలి వైపు నడు, బళ్లొస్తున్నాయి."

సాయంత్రం ఆఖరి గుంపు రాకముందే గైడు కొత్త దారం తెచ్చి ఊయల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముడి వేయబోతూ లోపలికి చూశాడు. ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం ఏప్రాన్, పొత్తిళ్లలో బిడ్డలా చుట్టి పడుకోబెట్టి ఉంది. నాడాలు మెడకు చుట్టుకోకుండా, జాగ్రత్తగా, కాళ్ల వైపుకి మడిచి.